పెళ్లికి 26 రోజులు, ముందు పంటికి చీము: ఏ వైద్యం ఇప్పుడు, ఏది తర్వాత

మా చెల్లెలి లగ్నపత్రిక రాయించిన మూడో రోజు ఉదయం, తను అద్దం ముందు నిలబడి పై పెదవి ఎత్తి పట్టుకుని నన్ను పిలిచింది. పై వరుసలో ముందు పన్ను అది. ఎనిమిదో తరగతిలో సైకిలు మీద నుంచి పడి దెబ్బ తగిలించుకుంది. అప్పుడు విరగలేదు కాబట్టి ఎవరం పట్టించుకోలేదు. ఏళ్లు గడిచేకొద్దీ బూడిద రంగుకు తిరిగింది. ఇప్పుడు దాని పైన చిగురు మీద కందిగింజంత పొక్కు లేచింది. వేలితో నొక్కితే చీము వచ్చింది.

"అక్కా, దీన్ని పీకేస్తారా?" అంది. పెళ్లికి అప్పటికి 26 రోజులుంది.

మూడు చోట్లకు తిరిగాము. మూడు చోట్లా మూడు మాటలు. ఒకరు ఆ రోజే పన్ను తీసేసి, అటూ ఇటూ ఉన్న రెండు మంచి పళ్లను అరగదీసి, వాటి ఆసరాతో మధ్యలో కట్టుడు పన్ను నిలిపే బ్రిడ్జి కడతామన్నారు. ఇంకొకరు ఎలాగూ పెళ్లి కదా, పై వరుసలో ఆరు పళ్లకూ తొడుగులు వేయించుకుంటే ఫొటోల్లో బాగుంటుందన్నారు. మూడోది దంత వైద్య కళాశాల ఆసుపత్రి. అక్కడి డాక్టరమ్మ ఎక్స్‌రేను కిటికీ వెలుతురుకు పట్టి చాలాసేపు చూసి, "వేరు గట్టిగా ఉందమ్మా, పీకాల్సిన పని లేదు" అన్నారు. ఆ ఒక్క మాట వినకపోయి ఉంటే ఈపాటికి మా చెల్లెలి నోట్లో మూడు పళ్లు పాడై ఉండేవి. ఇలాంటి తొందరలోనే ఉన్న ఇంకో ఇంటికి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పెళ్లికి ముందు నొప్పిని, చీమును వదిలించుకోండి. బాగున్న పన్నును అరగదీసే ఏ పనినీ ఆ తొందరలో చేయించుకోకండి. అరగదీసిన పన్ను మళ్లీ పెరగదు. పెళ్లి ఫొటోకు కావలసింది ఒక్క రోజు అందం, ఆ పన్నుతో నమలాల్సింది నలభై ఏళ్లు.

రోజులు ఎక్కడి నుంచి లెక్కపెట్టాలి

అందరూ ముహూర్తం నుంచి వెనక్కి లెక్కపెడతారు. అది తప్పు. మన వైపు మైలపోలు తీసి, పసుపు పెట్టి పెళ్లికూతుర్ని చేశాక అమ్మాయిని గడప దాటనివ్వరు. అబ్బాయికీ అంతే. పట్టణానికి వెళ్లి నోరు తెరుచుకుని కూర్చునే వీలు ఆ రోజుతో అయిపోతుంది. అంటే ముహూర్తానికి మూడు నుంచి ఐదు రోజుల ముందే మీ గడువు ముగుస్తుంది. మా 26 రోజులు నిజానికి 21 రోజులే.

అందులోంచి ల్యాబ్ రోజులు తీసేయండి. నల్లగొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా పంటి అచ్చు తీసి క్యాప్, అంటే పంటి తొడుగు, తయారీకి పంపితే, అది చాలాసార్లు హైదరాబాద్ ల్యాబ్‌కు వెళ్లి రావాలి. మామూలుగా వారం అనుకోండి. వచ్చిన క్యాప్ రంగు కలవకపోతే వెనక్కి పంపాలి, అది ఇంకో వారం. కాబట్టి డాక్టరును "ఎన్ని రోజుల్లో అయిపోతుంది?" అని అడిగి ఊరుకోకండి. "మొదటిసారి సరిగ్గా కుదరకపోతే సరిచేయడానికి ఎన్ని రోజులు మిగులుతాయి?" అని కూడా అడగండి. ఈ రెండో ప్రశ్నకు జవాబు సున్నా అయితే ఆ పని పెళ్లి తర్వాత పెట్టుకోండి.

ఒకే పన్ను, ఐదు దారులు

చెల్లెలి పంటికి ఉన్న దారులను వరుసగా చెబుతాను. ముందు పన్ను చెడినవారెవరికైనా దాదాపు ఇవే ఎదురవుతాయి.

పీకించి బ్రిడ్జి కట్టించుకోవడం వినడానికి త్వరగా అయ్యే పని. రెండు వారాల్లో పన్ను ఉన్నట్టే ఉంటుంది. కానీ పన్ను తీసిన చోట ఎముక, చిగురు రెండు మూడు నెలల పాటు కుంచించుకుపోతూ ఉంటాయి. అందుకే బ్రిడ్జిని సాధారణంగా ఆ చోటు మానిన తర్వాత కడతారు. తొందరపడి కడితే, కట్టిన రోజు చిగురుకు ఆనుకుని ఉన్న పన్ను మూడు నెలలకు చిగురు నుంచి విడివడి, మధ్యలో నల్లటి సందు కనిపిస్తుంది. పైగా దాన్ని మోయడానికి అటూ ఇటూ ఉన్న మంచి పళ్లను చుట్టూ అరగదీస్తారు. ఇరవై మూడేళ్ల అమ్మాయికి పెళ్లి తొందరలో ఇది చేయడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇంప్లాంట్‌లో పక్క పళ్లను ముట్టుకోరు. పోయిన పన్నుకు అది మంచి దారే. అయితే ఎముకలో బిగించిన స్క్రూ ఎముకతో కలిసిపోవడానికి కింది దవడలో మూడు నాలుగు నెలలు, పై దవడలో ఇంకొంచెం ఎక్కువ పడుతుంది. పన్ను తీసిన రోజే ఇంప్లాంట్ పెట్టి తాత్కాలిక పన్ను అమర్చే పద్ధతి కూడా ఉంది. చీము పట్టిన చోట ఆ తొందర వద్దని మాకు చెప్పారు. ఆరు నెలల సమయం ఉన్నవారు ఆలోచించాల్సిన దారి ఇది, ఆరు వారాలున్నవారు కాదు.

తీసి పెట్టుకునే పన్నును అందరూ చిన్నచూపు చూస్తారు, అది ముసలివాళ్ల కట్టుడు పన్ను అని. నా దృష్టిలో మాత్రం వేరు నిలువునా పగిలి పన్ను ఎలాగూ దక్కని పరిస్థితిలో, పెళ్లి నెలకు ఇదే మంచిది. మూడు నాలుగు రోజుల్లో తయారవుతుంది. పక్క పళ్లకు గీత కూడా పడదు. పెళ్లి అయ్యాక తీరికగా బ్రిడ్జో ఇంప్లాంటో నిర్ణయించుకోవచ్చు. అంగిలికి పలక ఆనుతుంది కాబట్టి మొదటి వారం స, శ అక్షరాలు సరిగ్గా పలకవు. కనీసం పది రోజుల ముందు పెట్టించుకుని, ఇంట్లో పేపరు బిగ్గరగా చదువుతూ అలవాటు చేసుకోవాలి.

రూట్ కెనాల్, అంటే పంటి వేరు లోపల చెడినదాన్ని తీసి శుభ్రం చేసి నింపడం, చేసి క్యాప్ వేయడం మనందరికీ తెలిసిన దారి. దవడ పళ్లకు ఇది తప్పదు, ఎందుకంటే రూట్ కెనాల్ అయిన దవడ పన్ను నమిలే ఒత్తిడికి చీలిపోయే ప్రమాదం ఉంది. ముందు పన్ను సంగతి వేరు. పన్ను చాలావరకు చెక్కుచెదరకుండా ఉంటే క్యాప్ కోసం దాన్ని చుట్టూ మిల్లీమీటరు పైగా అరగదీయడం అనవసరం కావచ్చు. పైగా ఒక్క ముందు పన్నుకు పక్క పన్ను రంగు కలపడం కన్నా కష్టమైన పని ల్యాబ్ వాళ్లకు ఇంకోటి లేదు. క్యాప్ తప్పదంటే, ముందు పళ్లకు లోహం మీద పింగాణీ పోసినది కాకుండా, ఖరీదు ఎక్కువైనా, జిర్కోనియా లాంటి లోహం లేనిది అడగండి. లోహం ఉన్నదానికి కొన్నేళ్లకు చిగురు అంచున నల్లటి గీత కనిపించవచ్చు.

ఐదో దారి గురించి మొదటి రెండు చోట్లా మాకు ఎవరూ చెప్పలేదు. రూట్ కెనాల్ చేసి, నల్లబడిన పన్నును లోపలి నుంచే తెల్లబరచడం. పన్ను వెనక వైపు చేసిన రంధ్రంలోనే మందు పెట్టి మూసేస్తారు. కొన్ని రోజులకొకసారి మారుస్తారు. రెండు మూడు సార్లకు రంగు తేలుతుంది. పన్ను ముందు భాగాన్ని ముట్టుకోరు. కొన్నేళ్లకు కొంచెం రంగు తిరిగి రావచ్చు, అరుదుగా వేరు చిగురు అంచు దగ్గర కరిగే ప్రమాదం ఉంది. అందుకే వేరు నింపిన చోట పైన సిమెంటుతో మూత వేసి, ఆ తర్వాతే మందు పెడతారు. ఆ మూత వేస్తారా అని అడిగి తెలుసుకోండి.

మేము దీన్ని ఎంచుకున్నాము. మొదటి రోజు పన్ను తెరిచి చీము వదిలించి, వేరులో మందు పెట్టారు. రెండు రోజులకే పొక్కు అణిగింది. వారం ఆగి వేరు నింపారు. ఆ తర్వాత తెల్లబరిచే మందు రెండుసార్లు మార్చారు. ప్రతిసారీ డాక్టరమ్మ పంటి రంగుల పలకను చెల్లెలి పెదవి దగ్గర పెట్టి, ట్యూబులైటు ఆర్పి, కిటికీ వైపు తిప్పి చూసేవారు. వరుసగా గుచ్చిన చిన్న చిన్న పింగాణీ పళ్లు, ఒక్కోదాని వెనక ఏ1, ఏ2, ఏ3 అని అచ్చు. మొదటి రోజు ఏ పలకా కలవలేదు. చివరి రోజు పక్క పన్నుతో పాటు ఏ2 దగ్గర ఆగింది. రంగు ఎప్పుడూ పని మొదలుపెట్టక ముందే చూడాలట. నోరు తెరిచి కొంతసేపు ఉంటే పన్ను ఆరిపోయి, ఉన్నదానికన్నా తెల్లగా కనిపిస్తుంది. క్యాప్ వేయించుకునేవారు ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే చాలా గొడవ తప్పుతుంది.

పట్టణంలోని క్లినిక్కా, కళాశాల ఆసుపత్రా

నార్కట్‌పల్లిలో, మహబూబ్‌నగర్‌లో దంత వైద్య కళాశాలలున్నాయి. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. కళాశాలల్లో ఖర్చు తక్కువ. రూట్ కెనాల్‌కు ఒకరు, చిగుళ్లకు ఒకరు, పళ్లు కట్టడానికి ఒకరు, ఇలా వేర్వేరు నిపుణులు ఒకే భవనంలో ఉంటారు. విద్యార్థులు చేస్తారని భయపడతారు గాని, ప్రతి మెట్టులో అధ్యాపకులు చూసి సరే అన్నాకే ముందుకు వెళ్తారు. నష్టమల్లా సమయం. క్లినిక్‌లో ముప్పావు గంటలో అయ్యే పనికి అక్కడ సగం పూట పోతుంది. పదిహేను రోజులకన్నా ఎక్కువ ఉంటే కళాశాలకు వెళ్లండి. వారమే ఉంటే దగ్గరలో నమ్మకమైన క్లినిక్‌కు వెళ్లండి. ఆఖరి వారంలో నూరు కిలోమీటర్లు దాటి హైదరాబాద్‌లో పని పెట్టుకోకండి. ఏదైనా ఊడితే మళ్లీ వెళ్లలేరు.

ఎక్కడికెళ్లినా, మొదటిసారే "ఈ రోజే చేసేద్దాం" అంటే ఎక్స్‌రే ఫోనులో ఫొటో తీసుకుని ఇంటికి రండి. చీము, వాపు వదిలించడం తప్ప అంత తొందర పనేదీ ఉండదు.

ఫ్లోరైడ్ గోధుమ పళ్లు

ఇది మా ప్రాంతపు బాధ, అందుకే కొంచెం ఎక్కువ చెబుతాను. నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు వైపు బోరు నీళ్లు తాగి పెరిగినవారికి ఇది చెప్పక్కర్లేదు. పటిక, సున్నం వేసి నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అన్న పేరే ఉంది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. శాశ్వత దంతాలు దవడలో తయారయ్యే తొలి ఏడెనిమిదేళ్లలో ఎక్కువ ఫ్లోరైడ్ తాగితే మచ్చ పంటిలోనే పడుతుంది. తర్వాత కృష్ణా నీళ్లు తాగినా అది పోదు, ఎంత తోమినా పోదు. గార అయితే క్లీనింగ్‌తో పోతుంది, ఇది గార కాదు. నవ్వు రాగానే చెయ్యి అడ్డం పెట్టుకునేవాళ్లను చూస్తే నాకు కడుపులో కలుక్కుమంటుంది. అందులో వాళ్ల తప్పేమీ లేదు.

మాకు కాబోయే మరిదిది మర్రిగూడ వైపే. చెల్లెలి వైద్యం సంగతి తెలిసి ఫోను చేశాడు. "వదినా, నేను కూడా పళ్లకు ఏమైనా చేయించుకోవాలా? ఫొటోల్లో బాగుండదేమో." అప్పటికి రెండు వారాలుంది. డాక్టరమ్మను అడిగి, ఆమె చెప్పిందే అతనికి చెప్పాను.

మచ్చలు పైపైన ఉంటే, పలుచటి ఆమ్లం కలిసిన గరుకు లేపనంతో పై పొరను కొద్దిగా రుద్ది తీసే పద్ధతి ఉంది. ఒకటి రెండు సార్లలో అయిపోతుంది, ఖర్చు తక్కువ, పోయే పొర చాలా పలుచన. ముందు దీన్నే అడగండి. ఇంట్లో అచ్చుల్లో జెల్ వేసుకుని చేసే బ్లీచింగ్‌కు రెండు మూడు వారాలు పడుతుంది. మొదట్లో తెల్ల మచ్చలు ఇంకా కొట్టొచ్చినట్టు కనిపించి, తర్వాత సర్దుకుంటాయి. ఆ మధ్య రోజుల్లో పెళ్లి పడితే బాధే. అదీగాక కొన్ని రోజులు పళ్లు జివ్వుమంటాయి. క్యాప్‌కు, ఫిల్లింగ్‌కు బ్లీచింగ్ రంగు మార్చదు. కాబట్టి తెల్లబరచడం ముందు, క్యాప్ రంగు ఎంచడం తర్వాత.

పళ్ల ముందు అతికించే పింగాణీ రేకులు, అంటే వెనీర్లు, చూడటానికి చాలా బాగుంటాయి. కానీ పై పొర అరగదీయాలి, ల్యాబ్‌తో కలిపి రెండు మూడు వారాలు కావాలి. ఫ్లోరైడ్ తిన్న పంటికి జిగురు మామూలు పంటికి పట్టినంత గట్టిగా పట్టదు. ఇలాంటి పళ్ల మీద అనుభవం ఉన్నవారితోనే చేయించుకోవాలి. అంతకన్నా తక్కువలో, ఒకే రోజులో, పంటి రంగు ఫిల్లింగ్ పదార్థంతో మచ్చ మీద పూత వేస్తారు. అరగదీయకుండానో, నామమాత్రంగా అరగదీసో చేయవచ్చు. అయితే పసుపుకు, టీకి రంగు పట్టేస్తుంది. పెళ్లిలో ఆ రెండింటికీ కొదవ ఉండదు కదా.

మరిది క్లీనింగ్ మాత్రం చేయించుకుని, మిగతాది పెళ్లి తర్వాతకు వదిలేశాడు. మంచి పని చేశాడని నేను మనస్ఫూర్తిగా అంటాను. క్లీనింగ్ కూడా ఆఖరి రోజుల్లో వద్దు. చిగుళ్లు మంట, పళ్లు జివ్వుమనడం తగ్గడానికి వారం పది రోజులు ముందుంటే హాయి.

జ్ఞానదంతం, క్లిప్పులు

జ్ఞానదంతం చిగురు కోసి తీయాల్సి వస్తే వాపు రెండో మూడో రోజుకు బాగా పెరిగి, వారానికి తగ్గుతుంది. నోరు పూర్తిగా తెరుచుకోవడానికి ఇంకొన్ని రోజులు పట్టవచ్చు. పన్ను తీసిన గుంతలో గడ్డకట్టిన రక్తం ఊడిపోతే రెండు మూడు రోజులకు భరించలేని నొప్పి మొదలవుతుంది. అందుకని మూడు వారాల సమయం ఉంటే తీయించుకోండి. లేకపోతే చిగురు కింద శుభ్రం చేయించి, డాక్టరు మందులు రాస్తే అవి వాడి గట్టెక్కి, తర్వాత తీయించుకోండి. పెళ్లి రోజు ఒక బుగ్గ ఉబ్బి ఉండటం కన్నా ఇదే మేలు.

క్లిప్పులున్నవారు వాటిని పెళ్లి కోసం మధ్యలో తీయించేయకండి. కదిలిన పళ్లు వెనక్కి వెళ్లిపోతాయి. తెల్లగా కనిపించే రబ్బర్లు పసుపుకు పచ్చబడతాయి కాబట్టి, వాటిని మైలపోలుకు ముందు రోజు మార్పించుకుంటే చాలు.

పెళ్లి భోజనాలు, మందులు

తాత్కాలిక క్యాప్, తాత్కాలిక ఫిల్లింగ్ ఉన్నవారికి సకినాలు, గరిజలు, మటన్ బొక్కలు శత్రువులు. బగారా అన్నంలో మెత్తటి ముక్కలు రెండో వైపు నమలండి. చెల్లెలి పంటికి వెనక వైపు తాత్కాలిక మూత ఉంది కాబట్టి, సారె అరిసెను ముందు పళ్లతో కొరకకుండా తుంచి నోట్లో పెట్టమని మా అమ్మను కాపలా పెట్టాము.

చీముకు తరచుగా రాసే మెట్రోనిడజోల్ మాత్రలు వాడుతున్నవారు కల్లు గాని మద్యం గాని ముట్టకూడదు. మాత్రలు అయిపోయాక కూడా రెండు మూడు రోజులు ఆగాలి. లేదంటే వాంతులు, గుండె దడ రావచ్చు. ఎదుర్కోళ్ల రోజు బంధువులు బలవంతపెడతారు కాబట్టి పెళ్లికొడుకు తరఫున ఈ మాట ఎవరైనా ముందే చెప్పి ఉంచాలి. పన్ను తీయించుకున్నవారు సిగరెట్టు, జర్దా, గుట్కా మానాలి, స్ట్రాతో తాగకూడదు, గట్టిగా ఉమ్మకూడదు.

పెద్దవాళ్ల సంగతి మరిచిపోతాము. మా నాన్నకు చక్కెర వ్యాధి. ఊగుతున్న కింది పన్ను పెళ్లికి నాలుగు రోజుల ముందు పీకించుకుంటానని పట్టుబట్టారు. షుగరు పరీక్ష చేయించకుండా పన్ను ముట్టుకోబోమని డాక్టర్లు అన్నాక ఆగారు. రక్తం పలచబడే మాత్రలు వాడేవారు పన్ను కోసం తమంతట తాము వాటిని ఆపేయకూడదు. గుండె డాక్టరును అడగాలి.

ముందు రాత్రి వాపు వస్తే

ఊళ్లో ఒక ఇంజెక్షన్ చేయించుకుని నొప్పి తగ్గిందని పడుకోకండి. నొప్పి మాత్రలు, యాంటీబయాటిక్ వాడినా చీము దారి దొరక్క లోపలే ఉంటుంది. పన్ను తెరిచో, చిగురు కోసో దాన్ని బయటకు వదిలితే అదే పూట ఉపశమనం వస్తుంది. అర్ధరాత్రయినా ఎవరో ఒక దంత వైద్యుడిని లేపండి. బయట బుగ్గ మీద వేడి కాపడం పెట్టకండి. వాపు కంటి దాకా ఎక్కినా, మెడలోకి దిగినా, మింగడం కష్టమైనా, నోరు తెరుచుకోకపోయినా, అది దంత వైద్యశాల పని కాదు. పెద్దాసుపత్రికి పరుగెత్తాలి. ముహూర్తం సంగతి తర్వాత.

క్యాప్ ఊడితే పారేయకుండా చిన్న డబ్బాలో దాచండి. తక్షణం అతికే జిగురుతో అంటించవద్దు. కట్టుడు పళ్లకు వాడే క్రీము మందుల దుకాణంలో దొరుకుతుంది. అది కొద్దిగా రాసి పెట్టుకుంటే తలంబ్రాలు పూర్తయ్యేదాకా నిలుస్తుంది. రాత్రి పడుకునే ముందు తీసేయాలి.

చెల్లెలి పంటికి అసలు ఫిల్లింగ్ పెళ్లికి ముందు వేయలేదు. తెల్లబరిచే మందు వాడిన వెంటనే ఫిల్లింగ్ సరిగ్గా అంటుకోదు, ఒకటి రెండు వారాలు ఆగాలన్నారు. పదహారు రోజుల పండుగ అయిన మరుసటి వారం ఇద్దరూ కలిసి వచ్చారు. తను ఫిల్లింగ్ వేయించుకుంటుంటే, పక్క కుర్చీలో మరిది బ్లీచింగ్ అచ్చుల కోసం నోటి కొలత ఇచ్చాడు.